స్తంభం వెనక స్టూలు

మార్చి 3

మరదలా,

వదిన ఫోను చేయకుండా ఉత్తరం రాసిందేమిటా అని కంగారుపడకు. ఒంటిగది కొంప సంగతి నీకు తెలియంది కాదు. నేను ఫోనెత్తితే మీ అన్నయ్య గడియారం మరమ్మతు ఆపేసి చెవులు రిక్కించుకుని కూర్చుంటాడు. కాగితం మీదైతే ఆయన కళ్ళజోడు వెతుక్కునేలోపు కవరు అంటించేయొచ్చు.

విషయమేమిటంటే, మన సీసాల ఫ్యాక్టరీలో నన్ను సూపర్‌వైజర్ని చేస్తామంటున్నారు. మీసాలాయన రిటైరయ్యాడు. కొత్తగా వచ్చిన మేనేజరు సెక్షనంతా తిరిగి చూసి, సీసాలు పరీక్ష చేసేవాళ్ళంతా ఆడవాళ్ళే అయినప్పుడు వాళ్ళ మీద మగాయన ఎందుకని అడిగాడట. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరికీ తోచలేదు, మనకి కూడా. నన్ను పిలిచి అడిగితే ఆలోచించుకుని చెబుతానన్నాను.

నాకు భయంగా ఉంది. నిన్నటిదాకా పక్కన నిలబడ్డవాళ్ళ వెనక రేపటినుంచి నిలబడాలి. పొడుగక్క అప్పుడే "మేడమ్‌గారు" అని వేళాకోళం మొదలుపెట్టింది. సీసా పగుళ్ళు పట్టే నీ వెలుగు తెర దగ్గర ఇప్పుడు బొంగరం నిలబడుతోంది, నువ్వు పని నేర్పిన పిల్లే. ఒక్కచోట నిలవదు కాబట్టి ఆ పేరు పెట్టావు కానీ, తెర ముందు నిలబడితే మాత్రం దాని కళ్ళను దాటి పగిలిన సీసా ఒక్కటి పోదు.

నువ్వే చెప్పు, ఒప్పుకోనా వద్దా? మీ ఆయన బదిలీ పుణ్యమా అని నువ్వు ఊరు దాటిపోయావు, లేకపోతే ఈ తలనొప్పి నీకు అంటగట్టి హాయిగా ఉండేదాన్ని.

మీ వదిన

మార్చి 11

వదినా,

ఒప్పుకో. ఇందులో ఆలోచించడానికేముంది? నేనిక్కడ మాత్రలు డబ్బాల్లో సర్దే కంపెనీలో చేరాను. ఇక్కడ కూర్చునే పని చేస్తాం. మొదటిరోజు కుర్చీ చూపించి కూర్చోమంటే, ఎవరి కుర్చీయో అనుకుని పక్కన నిలబడ్డాను. అందరూ నవ్వారు. నాకు మాత్రం మీరంతా గుర్తొచ్చారు.

మన స్టూలు ఇంకా ఉందా? క్యాంటీన్ వాళ్ళు పారేసిన దాన్ని నేనే మోసుకొచ్చి స్తంభం వెనక వేశాను. ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క మడిచి పెట్టాలి. నిలబడలేనివాళ్ళు అక్కడికి వెళ్ళి, కూర్చున్న మనిషి భుజం మీద రెండుసార్లు తట్టడం, ఆ మనిషి మాట్లాడకుండా లేచి, తట్టినామె తెర దగ్గరికి పోవడం, కొత్తగా కూర్చున్నామె అట్టపెట్టెలు మడవడం. పని ఆగేది కాదు కాబట్టి మీసాలాయన చూసీ చూడనట్టు పోయేవాడు. ఎందుకు కూర్చున్నావని ఎవరూ ఎవరినీ అడిగేవాళ్ళం కాదు. ఒక్క మనిషి అడిగింది, చేరిన కొత్తలో. ఆ మనిషికి ఆ మధ్యాహ్నం అన్నం డబ్బాలోంచి ఎవరూ ఏమీ పెట్టలేదు. ఆ మనిషి పేరు చెప్పను, ఈ ఉత్తరం చదువుతూనే ఉంది.

నువ్వు సూపర్‌వైజరువైతే తెరకొక స్టూలు వేయించాలి. అందుకోసమైనా ఒప్పుకో. అన్నయ్యకి వంట నేర్పు, ఇక నీకు తీరిక ఉండదు.

నీ మరదలు

ఏప్రిల్ 6

మరదలా,

ఒప్పుకున్నాను. నీ మాట మీదే. మీ అన్నయ్య వంటలోకి దిగాడు. కూర మాడితే గడియారం తప్పు నడిచిందంటాడు, అది ఆయన బాగుచేసిన గడియారమే.

చేరిన వారంలోనే మీటింగులో స్టూళ్ళ సంగతి ఎత్తాను. మాట తడబడలేదు. మేనేజరు మర్యాదస్తుడు, మొత్తం విన్నాడు. పూర్వం కూర్చుంటే నిద్రొస్తుందని నిలబెట్టేవారట, దానికి వేరే కారణమేమీ లేదని ఆయనే ఒప్పుకున్నాడు. అయితే అన్ని స్టూళ్ళు కొనాలంటే అవసరమెంతో పైవాళ్ళకి చూపించాలట. అందుకని స్తంభం వెనక కూర్చోవాలనుకునేవాళ్ళు ముందు నాకు కారణం చెప్పాలని, కొన్నాళ్ళు చూసి మాట్లాడదామని అన్నాడు. సరేనన్నాను. అడిగేది నేనే కదా, పరాయి మగాడు కాదు కదా.

మనవాళ్ళు మొదట మొహాలు ముడుచుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి చెబుతున్నారు. ఒకరికి పిక్కల్లో నరాలు ఉబ్బాయి, ఒకరికి నెలసరి నొప్పి. నిన్న బొంగరం వచ్చి చెవిలో చెప్పింది. దానికి మూడో నెల. మొదటిది నిలవలేదు కాబట్టి ఈసారి గట్టిపడేదాకా ఇంట్లో అత్తగారికి కూడా చెప్పలేదట. మొగుడికీ తనకీ, ఇప్పుడు నాకూ తెలుసు. నీకు చెబితే గోడకి చెప్పినట్టే కాబట్టి రాస్తున్నాను. కూర్చోబెట్టాను. నాలుగు పెట్టెలు మడిచి, దాని నైజం కొద్దీ లేచి తిరగబోతే కసిరి మళ్ళీ కూర్చోబెట్టాను.

నువ్వుంటే చూసి మురిసిపోయేదానివి.

మీ వదిన

ఏప్రిల్ 14

వదినా,

మురిసిపోయాను. పక్క సీటామె ఎందుకు నవ్వుతున్నావని రెండుసార్లు అడిగింది.

బొంగరం సంగతి గోడకే చెప్పావు, నిశ్చింతగా ఉండు. కానీ ఒక మాట విను. మీటింగుల్లో కాళ్ళనొప్పులు, నరాలు అని గాల్లో మాట్లాడితే వాళ్ళ చెవికెక్కదు. ఇక్కడ నేను చేరకముందు ఫ్యాను కోసం నెలల తరబడి ఉక్కపోస్తోందని మొత్తుకున్నారట. చివరికి ఒకామె కళ్ళు తిరిగి పడిపోయాకే ఫ్యాను వచ్చిందట. మనిషిని చూపించి చెప్పు వదినా. మనిషిని చూస్తే కరగని వాడుండడు, అందులోనూ మీ మేనేజరు మంచివాడంటున్నావు. మెత్తగా అడిగితే ఎన్నేళ్ళయినా ఆ ఒక్క స్టూలే మిగులుతుంది.

అన్నయ్యకి చెప్పు, కూర పొయ్యి మీద పెట్టి గడియారం చూడకూడదు, కూరనే చూడాలి.

నీ మరదలు

ఏప్రిల్ 29

మరదలా,

పని ఒత్తిడి, ఎక్కువ రాయలేను. కొలిమి వైపు ఎండలకు తోడు వేడి పెరిగిపోయింది. మీ అన్నయ్య కులాసా. మీ అమ్మగారి మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నూనె పంపుతానన్నావు, మరిచిపోకు. పక్కింటివాళ్ళు గోడ ఎత్తు పెంచుతున్నారు, మనకి గాలి రాదేమో అనుకుంటున్నాం.

బొంగరం ఇంటిదగ్గర విశ్రాంతి తీసుకుంటోంది. స్టూళ్ళు ఇంకా రాలేదు.

మీ వదిన

మే 7

వదినా,

ఇంత పెద్ద వార్తని గోడ ఎత్తు కబుర్ల మధ్య దాచేస్తావా? కడుపుతో ఉన్న పిల్లకి ఇంటిదగ్గర విశ్రాంతి ఇప్పించావంటే మాటలా? మనం ఉన్నన్నాళ్ళూ నొప్పులొచ్చేదాకా సీసాల బెల్టు దగ్గర నిలబడ్డవాళ్ళమే కదా.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకునేటప్పుడు మావాళ్ళందరికీ చెప్పాను. ఇప్పుడు ఇక్కడ నువ్వు అందరికీ వదినవే. మాలో ఒకామెకి అయిదో నెల. మీ వదిన ఎలా అడిగిందో రాసి పంపమను, మేమూ అలాగే వెళ్ళి అడుగుతామంటోంది. కాస్త వివరంగా రాయి. నూనె సీసా పంపుతున్నాను, మీరు చేసిన సీసాయేమో చూసుకో.

గర్వంతో,
నీ మరదలు

మే 13

మరదలా,

ఆమెని వెళ్ళొద్దను. ముందు ఈ మాట చెప్పి వచ్చి, తర్వాత మిగతాది చదువు.

బొంగరానికి విశ్రాంతి ఇప్పించలేదు నేను. పని పోగొట్టాను.

పోయిన నెల మీటింగులో మేనేజరు మళ్ళీ అవసరమేమిటని అడిగాడు. నరాలు, నొప్పులు చెప్పాను. తలాడించాడు. ఇంకా తలాడిస్తూనే ఉన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. మూడో నెల కడుపుతో ఒక పిల్ల నిలబడుతోంది సార్, మొదటిది నిలవలేదు, అని దాని పేరుతో సహా చెప్పేశాను. ఆయన నిజంగానే చలించిపోయాడు. "పాపం, ఈ వేడిలో ఆమెని ఉంచడం మన తప్పే. రేపటినుంచి ఇంటిదగ్గరే ఉండమనండి" అన్నాడు. నేను పొంగిపోయాను. ఎంత మూర్ఖురాలినంటే, ఆ కబురు నేనే పట్టుకుని దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చి, బెల్టు చప్పుడులో వినపడదని గొంతెత్తి అందరిలో చెప్పాను. అది తెర మీంచి కళ్ళు తిప్పి నావైపు చూసింది. "మీకు ఒక్కరికే చెప్పానక్కా" అంది. అంతే.

మర్నాడు ఆఫీసులో తెలిసింది. కాంట్రాక్టు మీద చేరినవాళ్ళకి జీతంతో సెలవు లేదు. ప్రసవమయ్యాక వచ్చి కనిపిస్తే, ఖాళీ ఉంటే చూస్తారట. నేను వాదించాను. ఆయన బాధపడ్డాడు, ఆమె మంచికేనన్నాడు, ఏమన్నా అయితే ఎవరు జవాబుదారీ అన్నాడు. ఆయన మంచితనం మీద నాకు ఒళ్ళు మండింది. నా మంచితనం మీద ఇంకా ఎక్కువ మండింది.

దాని ఇంటికి వెళ్ళాను. అత్తగారు తలుపు దగ్గరే నిలబెట్టి, సంగతి వీధిలోవాళ్ళు చెబితే తెలుసుకోవాల్సొచ్చిందని నన్ను దులిపేసింది. లోపల గిన్నెల చప్పుడు వినిపించింది. చప్పుడు ఆగింది కానీ బొంగరం బయటికి రాలేదు.

మొన్నటి ఉత్తరంలో నీకు ఇదంతా రాయడానికి మొహం చెల్లలేదు. ఆ ఉత్తరంలో అబద్ధం లేదు, కానీ ఉన్నదంతా అబద్ధమే.

వదిన

జూన్ 2

మరదలా,

ఉత్తరం రాలేదు. ఫోను చేస్తే మీ ఆయన ఎత్తి నువ్వు పనిలో ఉన్నావన్నాడు. అర్థమైంది.

నన్ను అసహ్యించుకునే హక్కు నీకుంది, అది నీ శిష్యురాలు. కానీ ఒకటి మరిచిపోతున్నావు. మనిషిని చూపించి చెప్పమన్నది నువ్వే. కూర్చునే పని చేసుకుంటూ అంతదూరం నుంచి సలహాలివ్వడం తేలిక.

ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయకుండా పంపుతున్నాను, ఎందుకంటే రోజూ మనసులో అంటూనే ఉన్నాను.

సెక్షన్‌లో నాతో అవసరానికి మించి ఎవరూ మాట్లాడడం లేదు. పొడుగక్క వేళాకోళం కూడా మానేసింది, అది మరీ కష్టంగా ఉంది. డబ్బా ఒక్కదాన్నే విప్పుకుంటున్నాను. ఈ పదవి నాకొద్దు. నెలాఖరుకి రాసిచ్చేసి, ఒప్పుకుంటే నా పాత తెర దగ్గరికి, లేదంటే ఇంటికి వెళ్ళిపోతాను.

వదిన

జూన్ 9

వదినా,

నిన్ను అసహ్యించుకుని కాదు రాయనిది. బొంగరానికి ఉత్తరం రాసి జవాబు కోసం చూస్తున్నాను. అది వచ్చాక నీకు ఏదైనా మంచిమాట రాయొచ్చని ఆశపడ్డాను. మా ఆయనకి ఫోనులో కబురందుకోవడం ఎప్పుడు చేతనైంది గనక, నువ్వు చేశావని నాకు నిన్న చెప్పాడు.

మనిషిని చూపించమన్నది నేనే. నువ్వు గుర్తుచేయక్కర్లేదు. నీ మే నెల ఉత్తరం చదివిన దగ్గర్నుంచి ఆ ముక్క నా గొంతులో వెలక్కాయలా ఉంది. ఇక్కడ కళ్ళు తిరిగి పడిపోయిందన్నానే, ఆమె తర్వాత ఏమైందో నేను కనుక్కోనేలేదు. ఫ్యాను వచ్చిందని విని సంబరపడ్డాను. మొన్న అడిగాను. ఆమెని అదే వారంలో మాన్పించేశారట. నాకు కుర్చీ చూపించి కూర్చోమన్నారే, అది ఆమె కుర్చీ. అందరూ ఎందుకు నవ్వారో కానీ, ఇప్పుడు అందులో కూర్చుంటే నాకు ఒళ్ళంతా ముళ్ళే.

మా అయిదో నెలామెకి అంతా చెప్పేశాను. నువ్వు చెప్పమన్నట్టే వెళ్ళొద్దన్నాను. ఒక్కదాన్నే వెళ్ళను, అందరం వెళదామంది.

బొంగరం జవాబు నిన్న వచ్చింది. రెండు ముక్కలు. తనకి జాలి అక్కర్లేదట, తన తెర తనకి కావాలట. నీ గురించి ఒక్క అక్షరం లేదు. దాచకుండా చెబుతున్నాను.

నువ్వు రాజీనామా చేస్తే నీ మనసు తేలికపడుతుంది వదినా, ఆ పిల్లకి పని రాదు. నీ తర్వాత మళ్ళీ ఒక మీసాలాయన వస్తాడు. ఈ తప్పు చేసిన మనిషి ఆ గదిలో ఉంటేనే మంచిది. ఇంకొకసారి నోరు జారదు.

నీ మరదలే

జులై 8

మరదలా,

నీ ఉత్తరం చదివి రాజీనామా కాగితం చింపేశాను. మీ అన్నయ్య చూసి, మంచి కాగితం అటువైపు ఖాళీగా ఉంది కదా అన్నాడు.

జరిగింది రాస్తున్నాను. బొంగరం తెర దగ్గర కొత్త పిల్లని పెట్టారు. దానికి కళ్ళు ఇంకా కుదరలేదు. మందుల కంపెనీకి పోయిన లారీడు సరుకు పగుళ్ళున్నాయని తిరిగొచ్చింది. ఆదివారం అందరూ వచ్చి ఆ సీసాలన్నీ మళ్ళీ చూడాలని మేనేజరు చెప్పించాడు. శనివారం మనవాళ్ళంతా కలిసి ఆయన దగ్గరికి వెళ్ళి, బొంగరం వస్తేనే మేమూ వస్తామన్నారు. అందరూ అంటే అందరూ, నేను తప్ప. నాకు ముందు చెప్పలేదు. నా చెవిన పడితే ఎక్కడికి చేరుతుందోనని భయం. వాళ్ళ భయం న్యాయమే. తల కొట్టేసినట్టయింది, తలుపు పక్కన నిలబడ్డాను.

తర్వాత మేనేజరు నన్ను లోపలికి పిలిచి, దీన్ని ఎవరు మొదలుపెట్టారని అడిగాడు. నాకు ఎవరూ చెప్పకపోయినా తెలుసు. ఇన్నేళ్ళు పక్కపక్కన నిలబడ్డవాళ్ళం, వీపు చూసి చెప్పగలను. "క్రితంసారి అడిగితే చెప్పాను సార్. ఈసారి చెప్పను" అన్నాను. సూపర్‌వైజరుగా అది నా బాధ్యత కదా అన్నాడు. అయితే నేనే మొదలుపెట్టానని రాసుకోమన్నాను. ఇంకొకటి కూడా చెప్పాను, స్టూలు మీద కూర్చునేవాళ్ళని ఇకమీదట కారణం అడగనని. ఆయన కిటికీలోంచి ఆ లారీ వైపు చూశాడు. చివరికి ఆ అమ్మాయిని రమ్మనండి అన్నాడు. కొత్త స్టూళ్ళ సంగతి మళ్ళీ ఎత్తితే చూద్దామన్నాడు. చూద్దామంటే ఏమిటో నీకూ నాకూ తెలుసు. ప్రతి మీటింగులో ఎత్తుతాను, మనుషుల పేర్లు లేకుండా.

బొంగరం వచ్చింది. ఆ విషయానికి సంతోషించు. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉంటోంది. కడుపు బాగా తెలుస్తోంది, కాళ్ళు మార్చి మార్చి నిలబడుతోంది, స్టూలు వైపు మాత్రం చూడదు. అది కూర్చోదు కాబట్టి ఇంకెవరూ కూర్చోవడం లేదు. కారణం చెప్పక్కర్లేదని అందరికీ చెప్పాను. విన్నారు. నమ్మలేదు. బొంగరం నన్ను "మేడమ్" అంటోంది. వేళాకోళానికి కాదు, మర్యాదగానే అంటోంది.

నువ్వు మోసుకొచ్చిన స్టూలు నా చేతుల్లో పాడైపోయింది. రోజూ దాని పక్కనుంచి నడుస్తున్నాను, నడిచినప్పుడల్లా నాకు సిగ్గేస్తోంది. ఏం చేయమంటావు?

వదిన

జులై 15

వదినా,

సలహా ఇవ్వాలంటే చేయి రావడం లేదు. గతంలో ఇచ్చింది చాలు. అయినా అడిగావు కాబట్టి చెబుతున్నాను, నచ్చకపోతే చింపెయ్యి, అటువైపు ఖాళీగానే ఉంచాను, అన్నయ్యకి పనికొస్తుంది.

ఎవరినీ కూర్చోమనకు. నువ్వు కూర్చో.

ఇక్కడ మేమందరం కలిసి వెళ్ళాం. ఇంకా ఏదీ తేలలేదు, అయిదో నెలామె మాత్రం ఇప్పుడు ఏడో నెలతో పనిలోనే ఉంది. మాన్పించినామె ఇల్లు ఎక్కడో వాకబు చేస్తున్నాను. కనుక్కుని ఏమి చెబుతానో తెలియదు.

నీ మరదలు

జులై 30

మరదలా,

సోమవారం కూర్చున్నాను. అట్టముక్క ఎవరో తీసేశారు, కొత్తది మడిచి కాలి కింద పెట్టుకుని పెట్టెలు మడవడం మొదలుపెట్టాను. చేతులు మరిచిపోయాయి, మొదటి పెట్టె వంకర వచ్చింది. ఎవరూ తిరిగి చూడలేదు. మేనేజరు అటుగా వచ్చి ఆగి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. "కూర్చున్నాను సార్" అన్నాను. ఇంకేదో చెబుతానని కాసేపు చూశాడు. నేను ఇంకో పెట్టె తీసుకున్నాను. వెళ్ళిపోయాడు.

మంగళవారం, బుధవారం కూడా అంతే. రోజులో కొంతసేపు కూర్చోవడం, లేచి నా పని చూసుకోవడం. సూపర్‌వైజరయ్యాక సుఖానికి అలవాటుపడిందని అనుకుని ఉంటారు. అనుకోనీ అనుకున్నాను కానీ, నిజం చెప్పాలంటే బుధవారం సాయంత్రం ఇంటికొచ్చి ఏడ్చాను. మీ అన్నయ్య ఏమీ అడగకుండా కూర మాడ్చాడు.

గురువారం మధ్యాహ్నం డబ్బాలయ్యాక కూర్చున్నాను. వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. ఊపిరి వినిపిస్తోంది. చాలాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత నా భుజం మీద రెండుసార్లు తట్టారు.

నేను తిరిగి చూడలేదు. లేచాను. పక్కకి తప్పుకున్నప్పుడు బొంగరం చెయ్యి స్టూలు అంచు పట్టుకుని మెల్లగా కూర్చోవడం కనిపించింది. అక్కా అనలేదు, మేడమ్ అనలేదు. క్షమించిందని నేననుకోవడం లేదు, నువ్వూ అనుకోకు. కాళ్ళు నొప్పెట్టాయి, కూర్చుంది.

అది లేచొచ్చింది కాబట్టి దాని తెర దగ్గరికి నేను వెళ్ళాలి కదా. వెళ్ళాను. ఒకప్పుడు నువ్వు నిలబడ్డ చోటు. ఆ తెల్లటి వెలుగులోకి చూసి చాలాకాలమైంది, కళ్ళు భగ్గుమన్నాయి. సీసాలు వరసగా వస్తున్నాయి. పక్క తెర దగ్గరున్న పొడుగక్క కళ్ళు బెల్టు మీదే పెట్టి, "కొత్తగా చేరావా? ఎవరి తాలూకు?" అంది.

నవ్వొచ్చింది. నవ్వుతోపాటు కళ్ళనిండా నీళ్ళొచ్చి ఏమీ కనపడలేదు. ఆ కాసేపట్లో పగిలిన సీసా ఒకటి నన్ను దాటిపోయింది. పొడుగక్క చెయ్యి చాచి తీసి పక్కన పెట్టింది, ఎవరికీ చెప్పలేదు.

మీ వదిన